మామయ్య చెప్పిన గుర్తుకే ఓటు వేయాలా?

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది నెల్లూరు జిల్లాలో ఒక పల్లె. నాకు 41 ఏళ్లు. పెళ్లయి వచ్చిన రోజు నుంచి ఉమ్మడి కుటుంబంలోనే ఉన్నాను. అత్తయ్య, మామయ్య, మా ఆయన, మరిది, తోడికోడలు, నేను కలిపి మా ఇంట్లో ఆరు ఓట్లు. ఎలక్షన్ వచ్చిందంటే ముందురోజు రాత్రి భోజనాల దగ్గర మామయ్య ఏ గుర్తుకు వేయాలో చెబుతారు. అందరం దానికే వేస్తాం. పార్టీవాళ్లు వచ్చినా మాతో ఎవరూ మాట్లాడరు. వసారాలో మామయ్యతో మాట్లాడి, 'మీ ఇంటి ఆరు ఓట్లూ మనవే కదా' అని అడిగి వెళ్లిపోతారు. కవర్లు కూడా ఆయన చేతికే ఇస్తారు. పోయినసారి దేవుడి పటం ముందు మా అందరితో ఒట్టు కూడా వేయించుకున్నారు. ఇన్నేళ్లలో నాకు ఇదేమీ తప్పనిపించలేదు. మా అమ్మాయి విజయవాడలో హాస్టల్‌లో ఉండి బీటెక్ చదువుతోంది. ఈమధ్యే పద్దెనిమిది నిండాయి. ఓటుకు అప్లై చెయ్యమ్మా అంటే, 'నువ్వూ నాన్నా తాతయ్య చెప్పినదానికే వేస్తారు. నాకు ఓటు వస్తే తాతయ్యకు ఇంకో ఓటు పెరుగుతుంది, అంతేగా' అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను వేరేవాళ్లకు వేస్తే ఇంట్లోవాళ్లకు, పార్టీవాళ్లకు తెలిసిపోతుందా? ఒట్టు వేసి మాట తప్పితే పాపం కాదా? అసలు నా ఒక్క ఓటుతో ఏం మారుతుంది? మామయ్య మంచివారే. ఆయనతో గొడవ పెట్టుకోవడం నాకిష్టం లేదు.
– ఎస్., నెల్లూరు జిల్లా

సమాధానం: ఎస్. గారూ, మిమ్మల్ని ఎక్కువగా టెన్షన్ పెడుతున్న విషయం ముందు తేల్చేద్దాం. మీరు ఏ బటన్ నొక్కారో మీ అంతట మీరు చెబితే తప్ప మీ మామయ్యకు గానీ, కవరు ఇచ్చినవాళ్లకు గానీ తెలిసే దారి లేదు. బూత్‌లోకి వెళ్లగానే ఒక రిజిస్టర్‌లో మీ వరుస నంబరు రాసుకుంటారు, సంతకం పెట్టించుకుంటారు, వేలికి సిరా పూస్తారు. మీరు వచ్చి ఓటు వేశారన్న లెక్క అంతవరకే. ఓటింగ్ యంత్రంలో మీ పేరు ఎక్కడా ఉండదు. పక్కనున్న వీవీప్యాట్ పెట్టెలో అద్దం వెనక ఏడు సెకన్లపాటు ఒక చీటీ కనబడుతుంది కదా, దాని మీద ఉండేది అభ్యర్థి నంబరు, పేరు, గుర్తు మాత్రమే. ఆ చీటీ తెగి పెట్టెలో పడిపోతుంది, ఎవరి చేతికీ రాదు. యంత్రం దగ్గర అట్ట చాటున మీరొక్కరే ఉండాలి. చూపు లేనివాళ్లు, ఒంట్లో శక్తి లేక సొంతంగా బటన్ నొక్కలేనివాళ్లు తప్ప ఇంకెవరూ తోడు తీసుకెళ్లడానికి వీల్లేదు. 'మా ఆవిడకు తెలియదండీ, నేను చూపిస్తా' అంటూ వెంటబడే భర్తలను ఆపాల్సిన బాధ్యత ప్రిసైడింగ్ ఆఫీసర్‌ది. ఓటు వేస్తూ ఫోటో తీసి రుజువు చూపించమని ఎవరైనా అడిగితే, ఓటు వేసేచోట ఫోన్ వాడనివ్వరని చెప్పండి. అది నిజం కూడా.

'మాకన్నీ తెలుస్తాయమ్మా' అని నాయకులు అంటుంటారు. అందులో పావు వంతు నిజం ఉంది. లెక్కింపు అయ్యాక ఏ బూత్‌లో ఏ అభ్యర్థికి ఎన్ని ఓట్లు పడ్డాయో బయటికి వస్తుంది. కాబట్టి మీ వీధి ఎటు మొగ్గిందో వాళ్లు ఊహించుకోగలరు. కానీ వందలమంది ఓట్లు కలిసిపోయిన ఆ లెక్కలో మీది ఏదో పట్టుకోవడం ఎవరి వల్లా కాదు. ఆ మాట వాళ్లు అనేది మీరు నమ్మి భయపడాలనే.

ఇక ఒట్టు సంగతి. ఓటుకు డబ్బు ఇవ్వడం నేరం, తీసుకోవడమూ నేరమే. ఇది మీకు నచ్చకపోయినా చెప్పక తప్పదు. వచ్చే ఎన్నికల్లో మీ వాటా అంటూ కవరులోంచి తీసి ఇస్తే వద్దనండి, 'నా పేరు చెప్పి తీసుకోవద్దు మామయ్యా' అని ముందే చెప్పగలిగితే ఇంకా మంచిది. జరిగిపోయిన ఒట్టు గురించి నన్నడిగితే, దానికి మీరు కట్టుబడి ఉండనక్కర్లేదు. ఇవ్వకూడని డబ్బు ఇచ్చి, అడగకూడని మాట అడిగి, మధ్యలో దేవుడిని సాక్షిగా కూర్చోబెట్టినవాళ్లది ఆ పాపం. అయిదేళ్లపాటు మీ ఊరి రోడ్డూ నీళ్లూ ఎవరి చేతిలో ఉండాలన్నది మీరు పసుపు కుంకుమల సాక్షిగా తాకట్టు పెట్టాల్సిన వస్తువు కాదు.

ఇప్పుడు మీ అమ్మాయి మాటకు వస్తాను, ఎందుకంటే మీ ఉత్తరంలో నన్ను కూర్చోబెట్టింది అదే. 'నాకు ఓటొస్తే తాతయ్యకు ఇంకో ఓటు పెరుగుతుంది.' ఆ పిల్లకు తెలుసో లేదో, ఆడవాళ్లకు ఓటు ఇవ్వొద్దన్న పెద్దమనుషులు ఇంగ్లండ్‌లోనూ అమెరికాలోనూ కొన్ని దశాబ్దాలపాటు చెప్పిన వాదన సరిగ్గా ఇదే. ఇంటికి ఒక అభిప్రాయం ఉంటుంది, దాన్ని బయట చెప్పేది యజమాని. భార్యకూ ఓటిస్తే, ఆమె మొగుడు చెప్పినట్టు వేస్తే ఆయనకే రెండు ఓట్లు వచ్చినట్టు. ఆయన మాట కాదని వేస్తే కాపురంలో గొడవ. ఎటు చూసినా అనవసరం అన్నారు వాళ్లు. ఈ వాదన చేసింది మగవాళ్లే అనుకునేరు. 1908లో ఇంగ్లండ్‌లో ఆడవాళ్లకు ఓటు వద్దంటూ ఆడవాళ్లే ఒక సంఘం పెట్టుకున్నారు. మేరీ వార్డ్ అనే పేరున్న నవలా రచయిత్రి దానికి ముందు నిలబడ్డారు. మీ అత్తయ్యగారు ఎప్పుడైనా 'మనకెందుకే ఈ రాజకీయాలు' అని ఉంటే, ఆవిడకు చరిత్రలో మంచి తోడే ఉంది.

దానికి జవాబుగా ఆడవాళ్లు ఏం చేశారో చాలా ఉంది, రెండు మూడు ముక్కలు చెబుతాను. న్యూజిలాండ్‌లో కేట్ షెపర్డ్, ఆమె తోటివాళ్లు ఊరూరా తిరిగి 1893 నాటికి దాదాపు 32 వేల సంతకాలు పోగుచేశారు. ఆ కాగితాల్లో చాలావరకు ఒకదానికొకటి అంటించి చీపురుకర్రకు చుట్టి పార్లమెంటుకు పంపితే, వాళ్ల తరఫున నిలబడిన సభ్యుడు జాన్ హాల్ ఆ చుట్టను సభలో పొడవునా పరిచాడు. ఆ సెప్టెంబర్‌లోనే చట్టం వచ్చింది. ఒక దేశం మొత్తంలో ఆడవాళ్లకు పార్లమెంటు ఎన్నికల్లో ఓటు దక్కడం అదే మొదలు. బ్రిటన్‌లో ఉద్యమకారిణులు జైళ్లకు వెళ్లారు, అన్నం మానేస్తే గొంతులో గొట్టాలు పెట్టి బలవంతంగా తినిపించారు. అయినా 1918లో ఇచ్చింది ముప్పై ఏళ్లు నిండి, ఆస్తి అర్హత ఉన్నవాళ్లకే. మగవాళ్లతో సమానంగా ఇరవై ఒకటో ఏట ఓటు రావడానికి 1928 దాకా ఆగాల్సి వచ్చింది. ఇక స్విట్జర్లాండ్‌ది వింత. అక్కడ ఆడవాళ్లకు ఓటు ఇవ్వాలా వద్దా అని తేల్చాల్సింది మగవాళ్లు, అదీ ఓటు వేసి. 1959లో మూడింట రెండొంతుల మంది వద్దన్నారు. చివరికి సరే అన్నది 1971లో. అప్పటికి ఇందిరాగాంధీ మనకు ప్రధాని అయి అయిదేళ్లు.

మన దగ్గర ఈ కథ మద్రాసులో మొదలైంది. మీ నెల్లూరు అప్పట్లో ఆ రాష్ట్రంలోదే. 1917లో అక్కడి అడయారులో విమెన్స్ ఇండియన్ అసోసియేషన్ పుట్టింది. దాని వెనకున్నవాళ్లలో ఐర్లండ్ నుంచి వచ్చిన మార్గరెట్ కజిన్స్ ఒకరు. ఆ ఏడాది డిసెంబర్‌లో భారత వ్యవహారాల మంత్రి మాంటేగు మద్రాసు వస్తే, సరోజినీ నాయుడు ముందు నడవగా ఆడవాళ్ల బృందం ఆయన్ని కలిసింది. మన హైదరాబాద్‌లో పుట్టిన సరోజినీ దేవి బృందం అడిగినవాటిలో ముఖ్యమైనది ఇది: రేపు ఇవ్వబోయే హక్కుల్లో ఆడవాళ్లను కూడా ప్రజలుగా లెక్కపెట్టండి అని. ఆ తర్వాత ఎవరికి ఓటివ్వాలో తేల్చడానికి వచ్చిన సౌత్‌బరో కమిటీ దేశమంతా తిరిగి, పరదా ఆచారాలున్న ఈ సమాజంలో ఆడవాళ్లకు ఓటు తొందరపాటు అవుతుందని రాసింది. సరోజినీ దేవి ఊరుకోలేదు. 1919లో లండన్ వెళ్లి పార్లమెంటు కమిటీ ముందు వాదన వినిపించారు. చివరికి బ్రిటిష్ ప్రభుత్వం నిర్ణయాన్ని తన మీద పెట్టుకోకుండా, ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్ర శాసనసభే తేల్చుకోవచ్చంటూ చేతులు దులుపుకుంది. వాళ్లు ఊహించి ఉండరు, 1921లో మద్రాసు శాసనసభ మిగతా బ్రిటిష్ రాష్ట్రాలన్నిటికన్నా ముందే ఆడవాళ్లకు ఓటు ఇచ్చేసింది. బొంబాయి వెంటనే వచ్చింది, మిగతావి ఒక్కొక్కటిగా.

అయితే ఆ ఓటు ఎంతమందికి వచ్చింది? ఆస్తి ఉండాలి, పన్ను కట్టి ఉండాలి. మన ఇళ్లలో పొలం పట్టా ఎవరి పేర ఉంటుందో మీకు నేను చెప్పాలా? లక్షలాది ఆడవాళ్లలో ఏ కొద్దిమందికో తప్ప ఓటు రాలేదు. అంత తక్కువమంది ఉన్నా, ఆడవాళ్లు పోటీ చేయవచ్చని 1926లో అనుమతి రాగానే కమలాదేవి ఛటోపాధ్యాయ మంగళూరు వైపు నుంచి మద్రాసు శాసనసభకు పోటీకి దిగి, చాలా తక్కువ ఓట్ల తేడాతో ఓడిపోయారు. డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి పోటీ లేకుండా ప్రభుత్వం నియమించగా సభలోకి వెళ్లి ఉపాధ్యక్షురాలు అయ్యారు. ఆమె అక్కడ పట్టుబట్టిన విషయం ఏమిటో తెలుసా? చిన్నపిల్లలను దేవదాసీలుగా అంకితం చేసే ఆచారాన్ని ఆపాలని. అంతకుముందు ఆ సభలో కూర్చున్న మగవాళ్లలో చదువుకున్నవాళ్లు, సంస్కర్తలు ఎందరో ఉన్నారు. అయినా ఆ పిల్లల సంగతి సభ గట్టిగా పట్టించుకోవడానికి అక్కడ ఒక ఆడమనిషి కూర్చోవాల్సి వచ్చింది.

1935 నాటి చట్టం దగ్గర కథ మీ ఇంటి వసారాలోకి వచ్చేస్తుంది. ఆడ ఓటర్ల సంఖ్య పెంచాలని బ్రిటిష్‌వాళ్లు ఒక ఉపాయం కనిపెట్టారు. భర్తకు తగినంత ఆస్తి ఉంటే ఆయన భార్యకు కూడా ఓటు. లెక్క చూస్తే లాభమే, లక్షల్లో ఆడ ఓటర్లు పెరిగారు. కానీ మన మహిళా సంఘాలు దాన్ని ముందు నుంచీ వ్యతిరేకించాయి. ఫలానా వాడి పెళ్లాం కాబట్టి ఓటు అనడం మాకొద్దు, వయసొచ్చిన ప్రతి మనిషికీ మనిషిగా ఓటు ఇవ్వండి అన్నారు వాళ్లు. చేతికి వచ్చేదాన్ని తీసుకోకుండా ఇదేం పంతం అని అప్పట్లో చాలామంది విసుక్కునే ఉంటారు. నాకు మాత్రం మొత్తం పోరాటంలో అన్నిటికన్నా ముఖ్యమైన ఘట్టం ఇదే అనిపిస్తుంది. వాళ్లు అడిగింది ఇంటికి ఇంకో ఓటు కలపమని కాదు. ఆ ఇంట్లో ఇంకో మనిషి ఉందని ఒప్పుకోమని.

ఆ మాట రాజ్యాంగంలో నెగ్గింది. రాజ్యాంగ సభలో పదిహేనుమంది ఆడవాళ్లు ఉన్నారు. వాళ్లలో మన రాజమండ్రి అమ్మాయి దుర్గాబాయి ఒకరు. ఈమె గురించి ఒక ముచ్చట చెప్పకుండా ఉండలేను. 1923 కాకినాడ కాంగ్రెస్ సభలప్పుడు పధ్నాలుగేళ్ల వాలంటీరుగా ఖద్దరు ప్రదర్శన గేటు దగ్గర నిలబడి, టికెట్ లేదని సాక్షాత్తూ నెహ్రూనే లోపలికి రానివ్వలేదు. టికెట్ కొన్నాకే పంపింది. మీ అమ్మాయిలాంటిదే అన్నమాట. ఈ సభ రాసిన రాజ్యాంగంలో 325వ అధికరణం ప్రకారం మతం, జాతి, కులం, ఆడా మగా అన్న కారణంతో ఓటర్ల జాబితాలోంచి ఎవరినీ తీసెయ్యకూడదు. 326వ అధికరణం ఆస్తి, చదువు అడగకుండా వయసు నిండిన అందరికీ ఓటు ఇచ్చింది. అప్పట్లో ఆ వయసు 21. దాన్ని పద్దెనిమిదికి తగ్గించింది 1989లో. లేకపోతే మీ అమ్మాయి ఇంకా ఆగాల్సి వచ్చేది.

హక్కు కాగితం మీద వచ్చింది గానీ, పేరు రాలేదు. మొదటి సార్వత్రిక ఎన్నికలకు జాబితాలు తయారు చేస్తూ సిబ్బంది ఇల్లిల్లూ తిరిగారు. ఉత్తరాది రాష్ట్రాల్లో చాలాచోట్ల ఆడవాళ్లు తమ పేరు పరాయివాళ్లకు చెప్పలేదు. ఫలానా వాళ్ల అమ్మ, ఫలానా వాళ్ల భార్య అనే రాయించారు. ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్‌కు ఇది పెద్ద తలనొప్పి అయింది. పేరు లేకుండా ఓటరు ఎలా అవుతారు? సరిచేయించడానికి ప్రయత్నించారు, అయినా చెప్పనివాళ్ల పేర్లు జాబితాలోంచి కొట్టేయాలన్నారు. అలా దాదాపు 28 లక్షల మంది ఆడవాళ్లు 1951-52 ఎన్నికల్లో ఓటు వేయలేకపోయారు. అప్పుడు ఆయన్ని తిట్టినవాళ్లూ ఉన్నారు. నేనైతే ఆయన చేసింది సరైనదే అంటాను. 'ఫలానా వాడి భార్య' అన్న ఎంట్రీని ఒప్పుకుని ఉంటే తర్వాతి ఎన్నికల్లో కూడా అలాగే సాగేది. సొంత పేరు చెబితేనే ఓటు అన్నాక, చాలా ఇళ్లలో బయటివాళ్ల ముందు ఆడవాళ్లు తమ పేరు పలకక తప్పలేదు.

మీ ఇంట్లో జాబితాలో మీ పేరు పక్కాగా ఉంది. బూత్‌లో వేలికి సిరా మీకే పూస్తున్నారు. కానీ నాయకుడు వసారాలో కూర్చుని 'మీ ఇంటి ఆరు ఓట్లు' అన్నప్పుడు, ఆయన మనసులో ఉన్న జాబితా 1951కి ముందుది.

'మామయ్య మంచివారే' అన్నారు. నమ్ముతాను. ఆయనకు మీకన్నా రాజకీయాలు ఎక్కువ తెలిసి ఉండొచ్చు కూడా. అయినా ఇంట్లో మగవాళ్లకూ ఆడవాళ్లకూ కావలసినవి ఎప్పుడూ ఒకటే కావు. దీనికి మీ జిల్లాకన్నా మంచి రుజువు నాకెక్కడా దొరకదు. 1992లో మీ నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకుంటున్న కూలి ఆడవాళ్లు, వాచకంలో సారా మీద వచ్చిన పాఠం చదివి, మన ఊళ్లో కూడా ఈ దుకాణం ఎందుకుండాలి అని లేచారు. దూబగుంట రోశమ్మ పేరు మీరు వినే ఉంటారు. అది ఊరి నుంచి ఊరికి పాకింది. సారా బళ్లను ఆపారు, ప్రభుత్వం పెట్టిన వేలంపాటలను సాగనివ్వలేదు. 1993లో రాష్ట్రంలో సారాను నిషేధించారు. 1994 ఎన్నికల్లో సంపూర్ణ మద్యనిషేధం ఎన్టీ రామారావు ఇచ్చిన పెద్ద హామీల్లో ఒకటి, గెలిచాక 1995 జనవరిలో అమల్లోకి తెచ్చారు. రెండేళ్లకు దాన్ని మళ్లీ సడలించారు, ఆ నిషేధం మంచిదా చెడ్డదా అన్న చర్చ ఇప్పటికీ ఉంది. నేను చెప్పేది వేరే. ఆ రోజుల్లో సాయంత్రం కూలి డబ్బులు సారా కొట్టులో పోసి వచ్చే మొగుడు, ఓటు ఎవరికి వేయాలో పెళ్లానికి చెబితే ఏ గుర్తు చెప్పి ఉంటాడు? ఆడవాళ్ల ఓటు మగవాళ్ల ఓటులో కలిసిపోయేదే అయితే ఏ పార్టీ అయినా సారా మాట ఎత్తేదా?

ఒక్క ఓటుతో ఏం మారుతుందన్నారు. ఇలాంటి ప్రశ్నకు అందరూ చెప్పే కథలు నాకూ తెలుసు. 1989లో అనకాపల్లి లోక్‌సభ స్థానంలో కొణతాల రామకృష్ణ తొమ్మిది ఓట్ల తేడాతో గెలిచారు. తొమ్మిదంటే మీ ఇల్లూ, పక్కింటి సగమూ. 2008లో రాజస్థాన్‌లోని నాథ్‌ద్వారాలో సీపీ జోషీ సరిగ్గా ఒక్క ఓటుతో ఓడిపోయారు, ఆయన ఆ రాష్ట్రంలో కాంగ్రెస్ అధ్యక్షుడు మరి. అమెరికాలో ఆడవాళ్లకు ఓటు ఇచ్చే రాజ్యాంగ సవరణకు 36 రాష్ట్రాలు ఒప్పుకోవాలి. 35 ఒప్పుకున్నాక 1920 ఆగస్టులో టెనెసీ సభలో అటూ ఇటూ సమానంగా చీలారు. హ్యారీ బర్న్ అనే ఇరవై నాలుగేళ్ల సభ్యుడు అప్పటిదాకా వద్దన్న పక్షంలో ఉన్నాడు. జేబులో వాళ్లమ్మ రాసిన ఉత్తరం ఉంది, ఆడవాళ్ల ఓటుకు ఒప్పుకో నాయనా అని. చివరి నిమిషంలో అతను ఇటు తిరిగాడు, సవరణ నెగ్గింది. పూర్తి ఓటు హక్కు లేని ఒక తల్లి చెప్పిన మాటతో.

ఇవి వినడానికి బాగుంటాయి గానీ, నిజం చెప్పాలంటే మీ జీవితంలో మీ ఒక్క ఓటుతో ఎమ్మెల్యే గెలిచే రోజు రాకపోవచ్చు. మీ ఓటు విలువ నేను ఇంకోచోట చూస్తాను. మీ ఇంట్లో ఆరు ఓట్లు ఒకే మూటగా దొరుకుతాయని తెలుసు కాబట్టి నాయకులు ఒక్కరితోనే మాట్లాడి వెళ్తున్నారు. ఆ మూట ముడి వదులైందని వాళ్లకు అనుమానం వస్తే చాలు, వచ్చేసారి వసారా దాటి వంటింటి వైపు చూస్తారు. అప్పుడు కుళాయి నీళ్లు ఎన్నింటికి వస్తున్నాయి, ఆసుపత్రిలో లేడీ డాక్టరు ఉందా, కాలేజీ బస్సు ఊళ్లోకి వస్తుందా అన్నవి మీరు చెప్పే అవకాశం వస్తుంది. దేశం మొత్తం మీద ఇదే జరిగింది. 1962 లోక్‌సభ ఎన్నికల్లో మగవాళ్లలో 63 శాతం మంది ఓటేస్తే ఆడవాళ్లలో వేసింది సుమారు 47 శాతమే. 2019కి వచ్చేసరికి ఆడవాళ్ల శాతం మగవాళ్లను ఒక వెంట్రుకవాసి దాటింది. ఇప్పుడు ఏ పార్టీ మేనిఫెస్టో తెరిచినా ఆడవాళ్ల కోసం అంటూ ఒక పేజీ ఉంటుంది, బస్సు ఫ్రీ అని, నెలకింత అని. వాటిలో ఏది మేలు, ఏది ఎర అన్నది మీరు కూర్చుని తేల్చుకోండి. వెనకటి ఎన్నికల్లో ఆ పేజీ రాసే అవసరమే వాళ్లకు పడలేదు.

మామయ్యతో గొడవ అక్కర్లేదు. భోజనాల దగ్గర ఆయన గుర్తు చెప్పినప్పుడు, ఎందుకు వేయమంటున్నారో అడగండి. నిలదీసినట్టు కాకుండా, తెలుసుకోవడానికి అడిగినట్టే అడగండి. ఆయనకు మంచి కారణాలు ఉండొచ్చు, వింటే మీ నిర్ణయం ఆయనతో కలవొచ్చు కూడా. అలా కలిస్తే ఆ గుర్తుకే వేయండి, అందులో చిన్నతనమేమీ లేదు. కలవకపోతే 'ఆలోచించుకుని వేస్తాను మామయ్యా' అనండి చాలు. ఎవరికి వేశారో తర్వాత ఎవరు అడిగినా చెప్పాల్సిన పని లేదు, మీ ఆయనకైనా సరే. అబద్ధం చెప్పాల్సిన అవసరమూ లేదు, 'ఓటు చెప్పకూడదటండీ' అని నవ్వి ఊరుకోండి. అభ్యర్థులు నామినేషన్‌తో పాటు ఇచ్చే అఫిడవిట్లు ఎన్నికల సంఘం వెబ్‌సైట్లో ఉంటాయి. ఎవరి మీద ఎన్ని కేసులున్నాయి, ఎంత ఆస్తి ఉంది, ఏం చదివారు, అన్నీ తెలుస్తాయి. వచ్చే ఎన్నికలప్పుడు మీ తోడికోడలినీ కూర్చోబెట్టుకుని అవి చదవండి. ఇద్దరికీ ఎవరూ నచ్చకపోతే 2013 నుంచి నోటా బటన్ ఉండనే ఉంది. దాని మీద నాకు పెద్ద మోజు లేదు గానీ, ఇంట్లో కూర్చోవడం కన్నా నయం. ఇంకో మాట. మీరు వెళ్లేసరికి మీ పేరు మీద ఎవరో ఓటు వేసేసి ఉంటే వెనక్కి రావద్దు, మీరే అసలు ఓటరని తేలాక టెండర్డ్ ఓటు అడిగితే బ్యాలెట్ కాగితం ఇస్తారు.

మీ అమ్మాయికి ఉపన్యాసం ఇవ్వకండి, పద్దెనిమిదేళ్ల పిల్లలు వినరు. పైగా ఆ పిల్ల అన్నదాంట్లో తప్పు లేదు, తను చూసిందే చెప్పింది. 'ఇకనుంచి నేను నేననుకున్నదానికే వేస్తాను' అని ఆమెతో ఒక్కసారి అనండి. నా అంచనా, మీ ఉత్తరం చదివాక, ఆ పిల్ల మీ నోటి నుంచి వినాలనుకుంటున్నది అదే. తర్వాత పని చిన్నదే. ఫారం 6 నింపాలి, ఆన్‌లైన్లో ఓటర్ల పోర్టల్‌లో గానీ, ఫోన్లో ఎన్నికల సంఘం యాప్‌లో గానీ, లేదా మీ ఊరి బీఎల్‌ఓ (బూత్ స్థాయి అధికారి) చేతికి. ఇదివరకు జనవరి 1 నాటికి పద్దెనిమిది నిండినవాళ్లనే చేర్చేవారు. ఇప్పుడు జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబర్ నెలల మొదటి తేదీలు నాలుగూ లెక్కలోకి వస్తాయి. హాస్టల్‌లో చదువుకునేవాళ్లు విజయవాడలోనైనా, సొంతూళ్లోనైనా ఓటు నమోదు చేయించుకోవచ్చు, రెండుచోట్లా మాత్రం కుదరదు. ఎక్కడ పెట్టుకోవాలో ఆమెనే తేల్చుకోనివ్వండి. తాతయ్య భోజనాల బల్లకు దూరంగా విజయవాడలో అంటే కాదనకండి. అప్లై చేసేటప్పుడు బంధువు పేరు రాసే గడి ఒకటి వస్తుంది. అక్కడ తండ్రి పేరే ఉండాలని రూలేమీ లేదు, తల్లి పేరు రాయవచ్చని ఆ ఫారంలోనే ఉంటుంది. ఏదైనా సందేహం వస్తే 1950కి ఫోన్ చేయండి. అదే ఫోన్లో జాబితాలో మీ పేరు సరిగ్గా ఉందో లేదో కూడా అడగండి. పేరులోనో వయసులోనో తప్పుంటే ఫారం 8తో ఇప్పుడే సరిచేయించుకోండి. ఎన్నికల నోటిఫికేషన్ వచ్చాక పరిగెత్తితే పని కాదు.